చప్పుడు లేని బండి

మార్చి 2, ఆదివారం

మళ్ళీ అరిచింది.

చెల్లెలి కారు గురించి. పార్కింగ్‌లో ఆపి, అది ఆ చిన్న మీట పైకి లాగగానే వెనక చక్రాల దగ్గర్నుంచి మూలుగు మొదలవుతుంది. గుర్ర్ర్‌మని లేచి కుయ్యిమని ముగుస్తుంది, కడుపునొప్పి వచ్చిన గేదెలాగా. ఈ కార్లకి చేత్తో బలంగా లాగే హ్యాండ్ బ్రేకు లేదు. మీట లాగితే చక్రాల దగ్గరున్న మోటార్లే బ్రేకు బిగిస్తాయి. నా కారుకీ అదే ఏర్పాటు, అయినా కిక్కురుమనదు. దాని కారు కంటే నాది పాతది కూడా. అసలు నా కారు చూసే అది అదే రకం కొంది, రంగు మాత్రం ఎరుపు తీసుకుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఏది చేసినా నా తర్వాతే చేస్తుంది, మెప్పు మాత్రం దానికే వస్తుంది.

ఆ మూలుగు వినబడగానే కిటికీ దగ్గర కూర్చున్న నాన్న మొహం విచ్చుకుంటుంది. మామూలుగా చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినబడని మనిషి! బొంగురు చప్పుళ్ళు ఒక్కటే తెలుస్తాయని డాక్టరు అన్నాడు. "చిట్టి వచ్చింది" అని నవ్వుతాడు. ఆ నవ్వే పళ్ళసెట్టు నేను చేసిందే. మా ల్యాబ్‌లో ప్లాస్టరు అచ్చులు పోసి కట్టుడు పళ్ళు చేయడమే నా పని. ఆయన చిగుళ్ళకి ఎక్కడా గుచ్చుకోకుండా ఎన్నిసార్లు అరగదీశానో! పళ్ళు నావి, నవ్వు దానికి.

వచ్చింది, పక్కన కూర్చుంది, గోళ్ళు తీసింది, కబుర్లు చెప్పింది. వెళ్తూ వెళ్తూ అసలు సంగతి బయటపెట్టింది. కొత్త ఇల్లు వచ్చే నెలకి పూర్తవుతుందట. నాన్నకి విడిగా గది, స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు కూడా పెట్టించిందట.

"నాన్నా, వచ్చి నా దగ్గర ఉండిపో. అక్క ఇన్నేళ్ళు చూసింది. ఇప్పుడు నా వంతు" అంది.

వంతులు వేసుకోవడానికి ఆయనేమైనా ఊయలా? నాన్న వద్దంటాడని చూశాను. "చూద్దాంలే" అన్నాడు. చిన్నప్పుడు ఏది అడిగినా, చూద్దాంలే అన్నాడంటే ఆ వారంలో ఆ వస్తువు ఇంటికొచ్చేసేది.

మార్చి 4, మంగళవారం

గుమ్మంలో కుర్చీ. ఈరోజు కూడా మోకాలికి తగిలింది.

ఎన్నిసార్లు చెప్పాలి? సాయంత్రం అయ్యేసరికి ఆ చెక్క కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి సరిగ్గా వీధి గుమ్మానికి ఎదురుగా వేసుకుంటాడు. తలుపు బార్లా తీసి పెడతాడు. గాలంతా కాళ్ళకి కొడుతుంది. జలుబు చేస్తే రాత్రంతా దగ్గేది ఆయన, లేచి వేడినీళ్ళు పెట్టేది నేను. హాల్లో కిటికీ పక్కన మెత్తటి వాలుకుర్చీ ఉంది, నేనే కొన్నాను. చిట్టి వచ్చే రోజు దాంట్లో కూర్చుంటాడు. నేను వచ్చే వేళకి మాత్రం గుమ్మంలో అడ్డం.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందమ్మా" అంటాడు. కళ్ళకి నీటికాసులు. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనవు. వెలుతురుతో ఏం పని?

మార్చి 5, బుధవారం

మళ్ళీ కుర్చీ. మోకాలు నల్లగా కమిలింది.

మార్చి 9, ఆదివారం

మా ఆయన ఇవాళ చిట్టితో అన్నారు, "ఏమ్మా, ఆ బ్రేకు చూపించకూడదూ? పై అంతస్తుల వాళ్ళు కూడా కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు" అని.

ఇది నవ్వింది. "పోనీ బావా, అదే నా కాలింగ్ బెల్లు. నేనొచ్చానని నాన్నకి తెలియాలిగా" అంది.

కాలింగ్ బెల్లట! అంటే తెలిసే ఉంచుకుందన్నమాట. ముంగిలా ఉంటుంది గానీ దానికి అన్నీ తెలుసు. రోజూ ఇంట్లో తిరిగే నాకు బెల్లు లేదు. పొద్దున మాత్రలు ఇచ్చేదాన్ని, నీళ్ళు తోడేదాన్ని, పళ్ళసెట్టు కడిగి గిన్నెలో వేసేదాన్ని నేను. నేను గదిలోకి వస్తే నాన్నకి తెలియను కూడా తెలియదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? నేను పెరటి చెట్టుని. అది వారానికోసారి బస్తీ నుంచి వచ్చే స్పెషలిస్టు.

కడుపు మండిపోయింది. రాసుకుంటే తగ్గుతుందని రాస్తున్నాను. తగ్గలేదు.

మార్చి 12, బుధవారం

చిట్టి ఏదో ట్రైనింగని వేరే ఊరు వెళ్తోంది. దాని వీధంతా పైపుల కోసం తవ్వేశారట, కారు మా పార్కింగ్‌లో పెట్టి తాళం నాకిచ్చింది.

బ్రేకు విషయంలో అశ్రద్ధ మంచిది కాదు. ఎక్కడో ఏటవాలులో ఆపుతుంది, జారిపోతుంది, అప్పుడు ఎవరిది బాధ్యత? నాన్న ఇన్నేళ్ళు బస్సు నడిపాడు. ఆయనే చెప్తాడు, బ్రేకు ఏడుస్తోందంటే ఏదో చెప్పుకుంటోందని. అక్కగా నాకు పట్టకపోతే ఎవరికి పడుతుంది? దాని మంచికే.

మార్చి 14, శుక్రవారం

బాగు చేయించాను. దాని మంచికే.

మా ల్యాబ్ వెనక సందులో ఒక మెకానిక్ ఉన్నాడు. బ్రేకులంటే ఆయన దగ్గరికే వెళ్ళమంటారు. ముందు పన్ను ఒకటి లేదు, మాట్లాడుతుంటే ఈల వస్తుంది. నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి, వృత్తి ధర్మం. కారు కిందికి దూరి, ఫోను లాంటి ఒక పెట్టె తగిలించి, మీట పైకి లాగించి, కిందికి నొక్కించి, అరగంట విన్నాడు.

"మోటార్ల లోపల పళ్ళచక్రాలు అరిగాయి మేడమ్. రెండు పక్కలా అంతే. పట్టు మాత్రం బాగుంది, నేను తోసి చూశాను, కదల్లేదు. గొంతే బాగోలేదు" అన్నాడు.

"మార్చేయండి."

"ఇంకో ఏడాది లాగించొచ్చు. అరుస్తుంది, అంతే."

"ఆ అరుపే వద్దు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. ఆయన ఒకసారి నా వంక చూసి పనిలో పడ్డాడు.

కొత్త మోటార్లు వేశాక మీట లాగాను. సన్నగా, దోమ దాటిపోయినట్టు ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఎంత హాయిగా అనిపించిందో! పాత మోటార్లు రెండూ సంచిలో వేసి ఇచ్చాడు. పాత సామాను వదిలేసి రావడం మా ఇంట్లో అలవాటు లేదు. తెచ్చి చెప్పుల బీరువా కింద అరలో పెట్టాను.

నాన్నకి చెప్పాను, చిట్టి బండి బాగు చేయించానని. "మంచిపని చేశావు" అన్నాడు. కాసేపటికి, "అస్సలు అరవదా?" అన్నాడు.

"అస్సలు."

మార్చి 23, ఆదివారం

చిట్టి వారం మధ్యలోనే కారు తీసుకెళ్ళింది, అప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఇవాళే మొదటిసారి చప్పుడు లేకుండా వచ్చింది.

నాన్న పొద్దున్నుంచి కిటికీ దగ్గరే ఉన్నాడు. ఎర్ర కారు వచ్చి ఆగడం వంటింట్లోంచి నేను చూశాను. చెప్పచ్చు, చెప్పలేదు. పోపు మాడుతోంది. చిట్టి లోపలికొచ్చి వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు. చేతిలో నీళ్ళ గ్లాసు ఒళ్ళో పడింది. "ఎవరూ? ఎవరది?" అని రెండు చేతులూ ముందుకు చాపాడు.

"నేనే నాన్నా, చిట్టిని."

"ఎప్పుడొచ్చావు? చప్పుడే లేదే" అన్నాడు. చాలాసేపు దాని చెయ్యి వదల్లేదు.

చిట్టి నాతో, "థాంక్స్ అక్కా, శ్రమపడ్డావు" అంది. బాగానే అంది. కళ్ళు మాత్రం నా మీద నిలబెట్టింది. నేను పంచె మార్చడానికి నాన్నని లోపలికి తీసుకెళ్ళాను.

ఆయన ఒళ్ళు ఇంకా వణుకుతోంది. నాకు కావలసింది ఇది కాదు. ఏం కావాలో మరి, అదీ తెలియదు.

మార్చి 25, మంగళవారం

నాన్న ఇప్పుడు పగలంతా గుమ్మంలోనే అంటున్నారు మా ఆయన. అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాడట. గుమ్మంలో నీడ పడితే చాలు, పాలవాడైనా కొరియర్ వాడైనా, "చిట్టీ?" అంటున్నాడట.

ఇదివరకు ఆదివారం ఒక్కరోజు దాని కోసం ఎదురుచూసేవాడు. ఇప్పుడు ఎప్పుడైనా రావచ్చు కదా, చప్పుడు చెయ్యకుండా! వారంలో అన్ని రోజులూ దానికే రాసిచ్చాను. నా చేతులతో నేనే, బిల్లు కట్టి మరీ.

మార్చి 26, బుధవారం

కుర్చీ తగిలింది. తిట్టాను. నవ్వాడు. ఎందుకు నవ్వుతాడో ఆ మనిషి!

మార్చి 28, శుక్రవారం

చిట్టి కారు పాత మోటార్ల సంచి తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

ఇందులో తప్పేముంది? పట్టు బాగుందని ఆయనే అన్నాడు. మంచి వస్తువు చెప్పుల పక్కన పడి ఉండటం నాకిష్టం లేదు. నా కారు మోటార్లు పాతబడ్డాయి, వాటికి కాస్త విశ్రాంతి.

మెకానిక్ సంచిలోకి చూశాడు, నా మొహం చూశాడు. "మీ కారుకి మంచివి తీసి అరిచేవి వెయ్యాలా?" అన్నాడు.

"అవును."

"మేడమ్, ఇన్నేళ్ళలో చప్పుడు తీయమని వచ్చినవాళ్ళే గానీ పెట్టమని వచ్చినవాళ్ళు లేరు. నలుగురికీ తెలిస్తే నా పేరు పోతుంది."

"నలుగురికీ ఎవరు చెప్తారు? మీకు ముందు పన్ను లేదు కదా. నేను చేసి పెడతాను. మా డాక్టరు గారు అతికిస్తారు. మీ పక్క పన్నుకీ దానికీ తేడా కనబడితే నన్నడగండి" అన్నాను.

నాలుకతో సందు తడుముకుని ఆలోచించాడు. "రంగు కలుస్తుందా?" అన్నాడు. చుట్ట రంగు పన్ను చెయ్యడం కష్టమే గానీ కలుస్తుందన్నాను. బుధవారం రమ్మన్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

ఉన్నదున్నట్టు రాస్తాను, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను.

బుధవారాలు మా ఆయన ఆఫీసుకి వెళ్తారు, మిగతా రోజులు ఇంట్లోనే కంప్యూటరు ముందు. అంటే సాయంత్రం నాన్న ఒక్కడే. ఇది నేను ముందే ఆలోచించలేదు. ఆలోచించాను.

పార్కింగ్‌లో ఆపి మీట పైకి లాగాను. గుర్ర్ర్‌మని నా కింద నుంచే లేచింది, సీటులోంచి వీపుకి తెలిసింది. దిగి లోపలికి వెళ్తే గుమ్మంలో కుర్చీ ఉంది, అందులో మనిషి లేడు. గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచేశాడు. కమ్మీలు పట్టుకుని నిలబడి ఇటు తిరిగాడు. ఆ మొహం! ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆ మొహాన్ని పక్కనుంచి చూశాను. ఎదురుగా ఇవాళే చూశాను.

"చిట్టీ! బుధవారం వచ్చావేం? బండి మళ్ళీ అరుస్తోందే, బాగు చేసింది నిలవలేదా?"

"నేను నాన్నా, చిట్టిని కాదు" అనాలి. నాలుక దాకా వచ్చింది. చెవి దగ్గరికి వంగి "ఊఁ, నిలవలేదు" అన్నాను. ఫోనులో మా ఇద్దరి గొంతూ ఒకటే అంటారు అందరూ.

వాలుకుర్చీలో కూర్చోబెట్టి, అది కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తిన్నావా అన్నాడు. మొహం ఎందుకు నీరసంగా ఉందన్నాడు, మొహం కనబడకుండానే. నేనూ రోజూ నీరసంగానే వస్తాను కదా నాన్నా, నన్నెప్పుడైనా అడిగావా అనుకుంటున్నాను లోపల. ఆ కుళ్ళుబోతుతనమే నోరు తెరిపించింది.

"నాన్నా, అక్క బాగా చూసుకుంటోందా?"

"మీ అక్కా!" పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "నోరు తెరిస్తే ఊరంతా వినబడుతుంది. తిట్టందే ముద్ద పెట్టదు."

"మరి అక్క తిడుతున్నా ఆ కుర్చీ గుమ్మంలో ఎందుకు వేసుకుంటావు?"

నా వేళ్ళు ఒక్కొక్కటే తడుముతున్నాడు.

"నీ బండి వచ్చిందంటే కిటికీలోంచి చెప్పేస్తుంది. దాని బండి చప్పుడు చెయ్యదు కదమ్మా. అదెప్పుడొస్తుందో నాకెలా తెలుస్తుంది? సాయంత్రం ఆ రోడ్డంతా లారీలు. గుమ్మంలో కూర్చుంటే వెలుతురుకి అడ్డంగా నీడ పడుతుంది. దాని నీడో, ఇంకొకరి నీడో? అందుకని కుర్చీ కాస్త అడ్డంగా వేస్తాను. పాపం, మోకాలికి తగులుతుంది. తగిలితే తిడుతుంది. తిట్టిందంటే క్షేమంగా ఇల్లు చేరినట్టే. అప్పుడు లోపలికి వెళ్తాను."

నేను కమిలిన మోకాలి వంక చూసుకున్నాను.

"టైమెంతయింది? అదింకా రాలేదేం? నన్ను మళ్ళీ గుమ్మంలో కూర్చోబెట్టు, వెళ్దువుగాని" అన్నాడు.

కూర్చోబెట్టాను. బయటికొచ్చి మెట్ల కింద సైకిళ్ళ పక్కన నిలబడి ఏడ్చాను. ఇన్నేళ్ళు ఆ కుర్చీని తిట్టాను. ఆ కుర్చీ నాది. నాదని తెలుసుకోవడానికి చెల్లెలి వేషం వెయ్యాల్సి వచ్చింది, సిగ్గులేని జన్మ. మొహం తుడుచుకుని మళ్ళీ గుమ్మం ఎక్కాను. మోకాలికి తగిలింది. "కనబడదా, మళ్ళీ అడ్డంగా..." అన్నాను.

"వచ్చావా" అన్నాడు. "చిట్టి వచ్చి వెళ్ళింది."

"అలాగా" అన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

మీట లాగగానే అరిచింది. మా ఆయన వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇదేంటోయ్, నీ బండికీ అంటుకుందా?" అన్నారు. ఇక దాచేదేముంది! నాన్న దగ్గరికి వెళ్ళి, "నేను నాన్నా. నా బండికీ పట్టుకుంది ఆ రోగం" అన్నాను.

నాన్న తల ఇటు తిప్పి, "నీ బండికా?" అన్నాడు. "మంచిదే. నువ్వొచ్చిన సంగతి కూర్చున్నచోటికే తెలుస్తుంది. అల్లుడూ, ఆ కుర్చీ లోపల పెట్టెయ్యి బాబూ" అన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

గుమ్మం ఖాళీ. ఏదీ తగల్లేదు. నాన్న కిటికీ పక్కన వాలుకుర్చీలో, కాళ్ళ మీద దుప్పటితో హాయిగా ఉన్నాడు. నేను మొదటి నుంచీ చెప్తున్నదీ అదే.

ఏప్రిల్ 5, శనివారం

ఈరోజూ ఖాళీ. మోకాలి మీద నలుపు తగ్గి పసుపుపచ్చగా మారింది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళ పొద్దున్నే కుర్చీ గుమ్మంలోకి వచ్చింది. చిట్టి బండి ఇప్పుడు చప్పుడు చెయ్యదు కదా, దాని కోసం! నా కుర్చీని ఆయన దానికి వేశాడు. పిండి కలుపుతూ చూస్తున్నాను, పిండి రాయిలా అయింది.

చిట్టి వచ్చింది. మోకాలికి తగిలింది. "అబ్బా, గుమ్మంలో ఇదేంటి నాన్నా" అని నవ్వేసి వంగి మోకాలు రుద్దుకుంది. తిట్టడం కూడా రాదు దానికి. వెనకాల చక్రాల పెట్టె ఒకటి లాక్కొచ్చింది, కొత్తది, నీలం రంగు. నాన్న బట్టల కోసమట. ఇల్లు తయారట. వచ్చే ఆదివారం తీసుకెళ్తుందట.

"బుధవారం వచ్చినప్పుడు చెప్పలేదేం?" అన్నాడు నాన్న.

"బుధవారమా? నేను రాలేదే నాన్నా."

చిట్టి నా వంక చూసింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

"ఈ మధ్య ఇలాగే ఉంటోంది. వయసు" అన్నాను.

కన్నతండ్రికి మతి పోయిందన్నాను, నా దొంగతనం కప్పుకోవడానికి. చిట్టి కళ్ళలో గబగబా నీళ్ళు తిరిగాయి. "ఎప్పటినుంచి అక్కా? నాకు చెప్పొద్దూ? ఇంక ఆదివారం దాకా ఎందుకు, రేపే తీసుకెళ్తాను. మా వీధిలోనే మంచి డాక్టరున్నారు" అంది. బాగా అయింది నాకు. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను, నాన్ననీ లాగాను.

నాన్నకి ఎంత వినబడిందో తెలియదు. నెమ్మదిగా, "కల అయ్యుంటుందిలే" అన్నాడు. "కలలో చిట్టి చెయ్యి పట్టుకున్నాను. గోళ్ళ సందుల్లో ప్లాస్టరు ఉంది."

ఈ మాట చిట్టికి చెప్పలేదు. నా నీడ ఎటు ఉందో అటు తిరిగి చెప్పాడు.

"చూశావా అక్కా, ఎలా మాట్లాడుతున్నాడో" అంది చిట్టి. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి దాని కింద చేతులు పెట్టుకున్నాను. ఎంత కడిగినా పోదు ఆ ప్లాస్టరు. ఆయన పళ్ళ అచ్చు తీసినప్పటి నుంచీ ఈ చేతులు ఆయనకి తెలుసు. తెలిసే అడిగినవన్నీ చెప్పాడు. తెలిసే, చిట్టి వచ్చి వెళ్ళిందన్నాడు, నా నోటితోనే నిజం చెప్పించాలని కాబోలు ఇవాళ బుధవారం మాట ఎత్తాడు. ఇప్పుడు నన్ను కాపాడటానికి మతి లేనివాడినని ఒప్పుకున్నాడు.

అది వెళ్తుంటే వెనకాలే పార్కింగ్‌లోకి వెళ్ళాను. "నాన్న మతి నిక్షేపంలా ఉంది. బుధవారం వచ్చింది నేను" అన్నాను. మోటార్ల సంగతి కూడా చెప్పాను. నమ్మలేదు. నా కారు తాళం లాక్కుని, లోపల కూర్చుని, తనే మీట లాగింది. గుర్ర్ర్‌మంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లాగింది.

"నీకు పిచ్చా అక్కా?" అంది.

"అవును."

కారులోంచి దిగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చుంది. "నీకేం తక్కువని?" అంది. "నేనొస్తే నాన్న మర్యాదగా కూర్చుంటాడు, చుట్టం వచ్చినట్టు. గోళ్ళు తీస్తానంటే చెయ్యి ఇస్తాడు. నువ్వు వంటింట్లోంచి ఒక్క అరుపు అరిస్తే ఎలా నవ్వుతాడో ఎప్పుడైనా చూశావా? ఆ నవ్వు నాకెప్పుడూ నవ్వలేదు. ఇంటికెళ్ళేదాకా అదే గుర్తొచ్చి ఏడుపొస్తుంది."

నన్ను చూసి అది కుళ్ళుకుంటోందట! ఆ మాట విని నాకు జాలి వెయ్యాలి. సంతోషం వేసింది. దేవుడా, ఎంత సంతోషం వేసిందో!

పెట్టె ఇక్కడే వదిలి వెళ్ళింది. "నాన్న ఎప్పుడంటే అప్పుడే. నేను మాత్రం మధ్యమధ్యలో కూడా వస్తుంటాను" అంది. ఆయన్ని అడిగితే, చూద్దాంలే అన్నాడు.

ఏప్రిల్ 7, సోమవారం

మెకానిక్ దగ్గరికి వెళ్ళి నా పాత మోటార్లు మళ్ళీ నా కారుకి పెట్టించేశాను. ఈసారి ఏమీ అడగలేదు ఆయన. కొత్త పన్ను బాగా కుదిరింది. ఈల మాత్రం పోయింది, మనిషి మాట మనిషిది కానట్టుంది. అరిచే మోటార్లు ఆయన దగ్గరే వదిలేశాను. ఇంటికి తేవడానికి ధైర్యం చాల్లేదు.

కారు తయారయ్యేసరికి చీకటి పడింది. ముందే ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. వచ్చేసరికి నాన్న నిద్రపోయాడు. పొద్దున వెళ్ళేముందు చెవిలో చెప్పాలి, నా బండి ఇక అరవదని.

ఏప్రిల్ 8, మంగళవారం

పొద్దున చెప్పాను. "అరవదా? సరే" అన్నాడు. అంతే.

పగలంతా పని చేతికి ఎక్కలేదు. ఒక పెద్దమనిషి పై వరసలో రెండు పళ్ళు తారుమారు చేసేశాను, మళ్ళీ మైనం కరిగించి మొదలుపెట్టాల్సి వచ్చింది. గుమ్మం ఖాళీగా ఉంటే? వాలుకుర్చీ మెత్తగా ఉంది, దుప్పటి వెచ్చగా ఉంది, అలవాటైపోయి ఉంటే? లేకపోతే ఆ నీలం పెట్టెలో ఆయన పంచెలు సర్ది ఉంటే?

పార్కింగ్‌లో ఆపి మీట లాగాను. ఏమీ వినబడలేదు. సంచి భుజానికి తగిలించుకుని మెట్లెక్కాను. తలుపు బార్లా తీసి ఉంది. కాలు లోపల పెట్టగానే మోకాలికి ఒకటి, ముంగాలికి ఒకటి, రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది కుర్చీ. రెండోది నీలం పెట్టె. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద రెండు కాళ్ళూ చాపుకుని కూర్చున్నాడు మా నాన్న, మహారాజులాగా. గాలికి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

ఆదివారాల మధ్యలో ఎప్పుడైనా వస్తానని చిట్టి కూడా అంది. దాని బండి చప్పుడు చెయ్యదు. నాదీ చెయ్యదు. ఎవరి కోసం కూర్చున్నావు నాన్నా అని అడుగుదామని నోటి దాకా వచ్చింది.

అడగలేదు. వీధి చివరి దాకా వినబడేలా తిట్టాను.